వేరు పెట్టిన కంచం

యూసుఫ్‌గూడ, హైదరాబాద్
7 సెప్టెంబర్ 2024

పెద్దమ్మా,

ఎలా ఉన్నావని అడిగితే "ఉన్నాను కాబట్టే ఉత్తరం అందుకున్నాను" అంటావు. అందుకని అడగను. ఫోన్ చేస్తే నీ చెవి మిషన్ కూస్తుంది, నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, పక్కగదిలోంచి మావయ్య పరిగెత్తుకొస్తాడు. దానికంటే ఇదే నయం. ఇవాళ చవితి. కింద మండపంలో మైకు అరుస్తోంది కాబట్టి నాకూ ఏమీ వినపడటం లేదు. ఇద్దరం సమానం.

నీ స్కూల్లో చేరి మూడు నెలలైంది. నీ స్కూలనే అంటాను. అక్కడ నన్నెవరూ వర్ణిక టీచర్ అనరు, "శ్యామలాదేవి మేడం గారి చెల్లెలి కూతురు" అంటారు. ఆయా బాలమణి మొదటి రోజే నా గడ్డం పట్టుకుని చూసి, "మస్తు పోలికలున్నయి. గామె లెక్క పోరగాళ్ళను కొడ్తవా ఏంది నువ్వు గూడ?" అంది. పిల్లల్ని అంతలా కొట్టేదానివా? నన్నయితే ఒక్కసారే కొట్టావు.

అసలు సంగతికొస్తాను. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం నా చేతికొచ్చింది. ఇక్కడ ఆ పాఠం ఎలా చెబుతారో తెలుసా? ఏడాదికోసారి ఒక డాక్టరమ్మని పిలుస్తారు. ఆడపిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి తలుపులు మూసి నెలసరి గురించి చెప్పి, తలా ఒక పాకెట్ ఇచ్చి పంపేస్తారు. మగపిల్లల్ని ఆ గంటసేపు గ్రౌండ్‌కి తోలేస్తారు. క్రికెట్ ఆడుకుంటే ఏం తెలుస్తుందో వాళ్ళకి!

నేను అలా వదల్లేదు. మందుల షాపుకెళ్ళి కండోమ్ పాకెట్ అడిగాను. షాపాయన నా వెనక ఉన్నవాళ్ళని చూశాడు, పైన ఫ్యాన్ని చూశాడు, చివరికి పాత పేపర్లో చుట్టి, దాన్ని నల్ల కవర్లో పెట్టి, చూపు తిప్పుకుని ఇచ్చాడు. "పిల్లలకి పాఠం చెప్పడానికండీ" అన్నాను. ఆయన ఇంకా కంగారుపడ్డాడు.

దాన్ని క్లాసులో టేబుల్ మీద పెట్టాను. ముప్పై ఎనిమిది తలలు ఒక్కసారిగా కిందికి వంగాయి. ఇదేంటి, ఏ జబ్బుల్ని ఆపుతుంది, దేన్ని ఆపలేదు, పాకెట్ మీద తేదీ ఎందుకు చూడాలి, పెద్దయ్యాక సిగ్గుపడి కొనకపోతే ఎంత నష్టం, అంతే చెప్పాను. పది నిమిషాలకి నవ్వులు ఆగాయి. పావుగంటకి చేతులు లేచాయి. లేవలేని చేతుల కోసం ఒక చెప్పుల డబ్బాకి కంత పెట్టి బల్ల మీద ఉంచాను. పేరు రాయకుండా ఏదైనా అడగొచ్చన్నాను.

నువ్వు మెచ్చుకుంటావని రాస్తున్నాను. మెచ్చుకో.

నీ వర్ణిక


కాకినాడ
16 సెప్టెంబర్ 2024

చిరంజీవి వర్ణికకి,

ఉత్తరం చేరింది. పదికి ఆరు. రాత బాగుంది, వాగుడెక్కువ.

నా ఆరోగ్యం బాగానే ఉంది. మీ మావయ్య పెరట్లో బెండ మొక్కలు వేశాడు. రోజూ పొద్దున్నే వాటి ముందు నిలబడి ఉపన్యాసం చెబుతున్నాడు. వాటికీ నాలాగే వినపడటం లేదనుకుంటాను, కాయడం లేదు.

నువ్వు చేసిన పని చదివి ఉత్తరం మడిచి పెట్టేశాను. సాయంత్రం మళ్ళీ తీసి చదివాను. వర్ణికా, ఆ పాఠం వదిలెయ్. "ఇంటి దగ్గర చదువుకోండి" అని చెప్పు. పరీక్షలో దాన్నుంచి వచ్చేది ఒకటో రెండో ప్రశ్నలు. పిల్లలు బొమ్మ బట్టీపట్టి గీసేస్తారు, మార్కులు పడతాయి. అక్కడికి కార్లలో వచ్చే పిల్లల తల్లిదండ్రుల సంగతి నీకు తెలీదు. పదేళ్ళు వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడితే తెలుస్తుంది. ఉద్యోగం దొరకడం ఎంత కష్టమైందో మర్చిపోకు.

ఆ డబ్బా కూడా తీసెయ్. అడగమంటే పిల్లలు ఏమైనా అడుగుతారు. అన్నిటికీ నీ దగ్గర జవాబులుండవు.

నిన్ను ఒక్కసారి కొట్టానన్నావు. ఎప్పుడు? నాకు గుర్తులేదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ


యూసుఫ్‌గూడ
26 సెప్టెంబర్ 2024

మార్కుల పెద్దమ్మకి,

ఆరేనా? సరే, పోనీ. కొట్టింది గుర్తులేకపోతే దాన్నీ పోనీ.

కానీ ఒకటి అడుగుతాను, కోప్పడకు. బాలమణి లేబ్ బీరువా తెరిచి నీ పాత టీచింగ్ డైరీలన్నీ చూపించింది. "గా మేడం పుస్తకాలు ఎవ్వర్నీ ముట్టనియ్యలే నేను. చెదలు పట్టకుండ ఏటా ఎండల పెడ్త" అంది. నువ్వు రిటైరయిన 2013 దాకా ఒక్క ఏడూ తప్పిపోలేదు. నేను కిందే కూర్చుని చదివాను. 1995లో ఈ పాఠానికే మూడు పీరియడ్లు తీసుకున్నావు. "నిరోధ్ – ఎందుకు, ఎలా. పిల్లలు నవ్వితే నవ్వనివ్వాలి. నవ్వు అయిపోయాక చెప్పాలి" అని రాసుకున్నావు. పెద్దమ్మా, ఆ వాక్యం చదివి నాకు నీ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

1996 నవంబర్ పేజీ తిప్పితే అక్కడ ఒక్కటే మాట. "రివిజన్." మరుసటి ఏడూ రివిజన్. నువ్వు రిటైరయ్యేదాకా ఆ పాఠం రోజున అంతే. ఎవరు బెదిరించారు నిన్ను? ఏ తండ్రి వచ్చి అరిచాడు?

ఎందుకంటే నా మీదా అరిచారు. ఒక నిర్మాత గారి భార్య కారు దిగి నేరుగా ప్రిన్సిపల్ గదికెళ్ళి, "మా వాడు చిన్నపిల్లాడండీ, వాడికి ఇవన్నీ నేర్పడానికా ఫీజు కడుతున్నాం?" అందట. వాళ్ళ సినిమా పోస్టర్ మా గేటు ఎదురుగానే ఉంది. దాన్ని వాడు చూడకుండా కళ్ళు మూసి తీసుకొస్తోంది కాబోలు. ప్రిన్సిపల్ గారు నన్ను పిలిచి, "చెప్పొద్దనట్లేదమ్మా. పుస్తకంలో ఉన్నది చదివించెయ్, చాలు. చూపించడం, డబ్బాలు పెట్టడం ఎందుకు?" అన్నారు. దసరా సెలవుల తర్వాత చూద్దాం అన్నాను.

డబ్బాలో ఇరవై రెండు చీటీలు పడ్డాయి. దోమ కుడితే ఎయిడ్స్ వస్తుందా అని ముగ్గురు. టీవీలో ఆ ప్రకటన రాగానే నాన్న రిమోట్ కోసం ఎందుకంత వెతుకుతారని ఒకరు. "మగపిల్లలకి ఎవరూ ఎందుకు చెప్పరు?" అని ఒకరు. అన్నీ ఇంగ్లిష్‌లోనే. ఒక్కటి మాత్రం తెలుగులో ఉంది. షూటింగ్ వాళ్ళు ఏ సీనుకి ఎవరు ఎన్నింటికి రావాలో అచ్చేసి ఇస్తారే, ఆ కాగితం చింపి దాని వెనక రాశారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"టీచర్, మా నాన్నకి హెచ్ఐవి ఉంది. అమ్మ నాన్న కంచం, గ్లాసు వేరు పెట్టింది. బాల్కనీలో ఉంచుతుంది. నాన్న కంచంలో తింటే నాకు వస్తుందా? నాకు నాన్నతో కలిసి తినాలని ఉంది."

చేతిరాత ఎవరిదో పోల్చుకోలేకపోయాను. పోల్చుకోవాలని కూడా లేదు. సెలవులు అవ్వగానే మొదటి పీరియడ్‌లో దీనికి జవాబు చెప్పాలి. నీకైతే ఎలా చెప్పేదానివి?

వర్ణిక


కాకినాడ
3 అక్టోబర్ 2024

వర్ణికా,

నీకెవరు చెప్పారు? మీ అమ్మేనా? ఏదో పసిగట్టి పద్దెనిమిదేళ్ళు నోరు మెదపని మనోజ ఇప్పుడు కూతురి చేత రాయించిందా?

కంచం, గ్లాసు, బాల్కనీ, షూటింగ్ కాగితం. ఒక్కటీ వదలకుండా పేర్చావు. నన్ను అడగాలని ఉంటే అడుగు. ఒక పసిబిడ్డ పేరు పెట్టి, లేని చీటీ పుట్టించి, ఆ చివర "నీకైతే ఎలా చెప్పేదానివి" అని పొడవడం దేనికి? అందుకా నా డైరీలు తవ్వింది?

ఈ వయసులో నాకు పరీక్ష పెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు. మళ్ళీ రాయకు.

శ్యామలాదేవి


యూసుఫ్‌గూడ
10 అక్టోబర్ 2024

పెద్దమ్మా,

రాయకు అన్నావు. రాయకుండా ఉండలేకపోతున్నాను, క్షమించు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒట్టు, నాకేమీ అర్థం కాలేదు. అమ్మకి ఫోన్ చేసి "పెద్దమ్మకి కంచం సంగతి నువ్వేమైనా చెప్పావా" అంటే, "ఏ కంచం? నీ పెళ్ళికని కొని దాచిన కంచాలా?" అంది. అమ్మకి ఏమీ తెలీదు. నాకూ తెలీదు. నన్ను నమ్మవని ఆ చీటీనే ఈ కవర్లో పెడుతున్నాను. చూడు, అది నా రాత కాదు. "కలిసి" అనే మాట ఆ బిడ్డ రెండుసార్లు కొట్టేసి రాసింది.

నీ ఉత్తరం చదివాక మాత్రం ఒకటి గుర్తొచ్చింది. నువ్వు గుర్తులేదన్నదే. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వేసవి సెలవులకి ఫిల్మ్‌నగర్‌లో మీ ఇంటికొచ్చాను. ఆడి ఆడి దాహమేసి, బాల్కనీలో నీళ్ళ డ్రమ్ము పక్కన బోర్లించి ఉన్న గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాను. నువ్వు వంటింట్లోంచి వచ్చి గ్లాసు మీద ఒక్కటిచ్చావు. అది వెళ్ళి గోడకి తగిలింది. తర్వాత నా చెంప మీద కొట్టావు. ఆ తర్వాత నా నోట్లో నీళ్ళు పోసి పుక్కిలించమని ఏడ్చావు. కొట్టినదానివి నువ్వే ఎందుకేడుస్తున్నావో నాకర్థం కాలేదు. సృజన్ అన్నయ్య గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

నీకు ఆడపిల్లలంటే ఇష్టం లేదనుకున్నాను పెద్దమ్మా. నీ కొడుకు గ్లాసు నేను ముట్టుకుంటేనే పడదనుకున్నాను. ఎన్నో ఏళ్ళు అలాగే అనుకున్నాను.

అన్నయ్యకి వచ్చింది టీబీ కాదా?

వర్ణిక


కాకినాడ
21 అక్టోబర్ 2024

నా తల్లీ వర్ణికా,

చీటీ చూశాను. నిన్ను అనరాని మాటలన్నాను. దాని గురించి ఇంకేం రాసినా తక్కువే.

కొట్టింది గుర్తుంది. గుర్తులేదన్నది అబద్ధం.

అడిగావు కాబట్టి వరసగా చెబుతాను. నన్ను ఏ తండ్రీ బెదిరించలేదు. 1996లో సృజన్ పదో తరగతికొచ్చాడు. నా క్లాసే, మూడో బెంచీ. ఆ రోజు బోర్డు మీద పాఠం పేరు రాసి వెనక్కి తిరిగాను. వాడు నా వంకే చూస్తున్నాడు. ఊళ్ళో వాళ్ళ పిల్లలకి తొమ్మిదేళ్ళు చెప్పినదాన్ని, నా పిల్లాడి ముందు నోరు పెగల్లేదు. బోర్డు తుడిచేసి రివిజన్ చేసుకోండన్నాను. వాడికి సిగ్గేస్తుందని ఆపానని నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గు నాది. ఒకసారి మానేశాక మరుసటి ఏడాది మానడం తేలికైపోయింది. ఆ తర్వాత అలవాటైంది.

సాయంత్రం ఇంటికొచ్చి వాడు, "ఆ పాఠం ఎప్పుడు చెబుతావమ్మా?" అన్నాడు. "పరీక్షకి రాదులే" అన్నాను. వాడు పదో తరగతి ఫస్టుక్లాసులో పాసయ్యాడు. అమ్మమ్మ సంతోషపడి స్టీలు కంచం కొని పేరు కొట్టించి ఇచ్చింది. "చి. సృజన్‌కు అమ్మమ్మ, 1997."

మీ పెదనాన్నగారు పోయాక వాడు కెమెరా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా చేరాడు. నెలల తరబడి అవుట్‌డోర్ షూటింగులు. ఎక్కడ, ఎవరితో అని నేను అడగలేదు. ఇప్పటికీ నాకు తెలుసుకోవాలని లేదు. 2004 చివర జ్వరం, దగ్గు. టీబీ అన్నారు. టీబీ నిజమే. దాని వెనక ఉన్నదే నేను ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గర్నుంచి ఆటోలో వస్తూ వాడన్నాడు, "కండోమ్ వాడితే వచ్చేది కాదటమ్మా. అంత చిన్న సంగతట." నిష్ఠూరంగా అనలేదు. అలా అన్నా బాగుండేది.

గవర్నమెంటు ఆస్పత్రిలో ఆ మందులు అప్పుడప్పుడే ఉచితంగా ఇవ్వడం మొదలెట్టారు. వాడు వెళ్ళి వరసలో నిలబడ్డాడు. అక్కడ కాస్ట్యూమ్స్‌లో పనిచేసే మనిషి కనపడితే తిరిగొచ్చేశాడు. నేను తల్లినైతే ఏం చెయ్యాలి? చెయ్యి పట్టుకుని మళ్ళీ తీసుకెళ్ళాలి. "వెళ్ళకులే, నలుగురికీ తెలుస్తుంది" అన్నాను. వేరే పేరుతో ఒక చిన్న క్లినిక్‌లో చూపించాను. అక్కడ టానిక్కులిచ్చారు.

ఇక కంచం. అమ్మమ్మ ఇచ్చిన కంచం, గ్లాసు తీసి బాల్కనీలో పెట్టాను. నేను జీవశాస్త్రం చెప్పే మనిషిని వర్ణికా. కంచంతో రాదని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. వాడు తిని, తనే కడుక్కుని, తనే బోర్లించేవాడు. పేరు పైకి కనపడకుండా పెట్టేవాడు.

నువ్వు ఆ గ్లాసుతో నీళ్ళు తాగిన రోజు వాడు గుమ్మంలోంచి చూశాడన్నావే, ఆ మర్నాటి నుంచి ఇంట్లో అన్నం తినడం మానేశాడు. ఒంట్లో ఓపిక లేకపోయినా షూటింగ్‌కి వెళ్ళిపోయేవాడు. "అక్కడ లైట్‌బాయ్స్‌తో ఒకే బంతిలో కూర్చుంటానమ్మా, కడుపు నిండుతుంది" అనేవాడు. 2006 ఫిబ్రవరి పదకొండున పోయాడు. ఇరవై నాలుగేళ్ళు.

నీ ప్రశ్నకి ఇదీ జవాబు. నేనైతే ఎలా చెప్పేదాన్నని అడిగావు. చెప్పలేదు, అంతే.

ఈ ఉత్తరానికి మార్కులు నువ్వు వెయ్యి.

పెద్దమ్మ


యూసుఫ్‌గూడ
30 అక్టోబర్ 2024

పెద్దమ్మా,

మార్కులు వెయ్యను.

నీ మీద కోపం వచ్చింది, దాచను. అన్నయ్య నాకు లెన్స్ తుడిచే బ్రష్ ఇచ్చి, "దీంతో నీ బుగ్గలు దులుపుకో, దుమ్ము పట్టాయి" అనేవాడు. అలాంటివాడు బాల్కనీలో గ్లాసు బోర్లించుకుంటూ ఉంటే చూస్తూ ఎలా ఉన్నావు అనిపించింది. తర్వాత నువ్వు నా నోట్లో నీళ్ళు పోసి ఏడ్చింది గుర్తొచ్చి నాకే ఏడుపొచ్చింది. రెండూ ఉన్నాయి నాలో. ఏది ఎక్కువో నాకు తెలీదు.

ఇక్కడి సంగతి చెబుతాను. సెలవులయ్యాక స్కూలు తెరవగానే నా బల్ల మీద డబ్బా లేదు. ప్రిన్సిపల్ గదిలోకి వెళ్ళిపోయింది. నాకు కాగితం ఇచ్చారు. ఆ విషయం మీద క్లాసులో మళ్ళీ నోరు విప్పితే ఉద్యోగం ఉండదని దాని సారాంశం. కింద సంతకం పెట్టించుకున్నారు. బాలమణి వరండాలో ఆపి, "ఫికర్ జేయకు బిడ్డా. గానీ జర నోరు కట్టేస్కో, కిరాయి ఇంట్ల ఉంటున్నవ్" అంది.

సంతకం పెట్టాను పెద్దమ్మా. కట్టుకున్నాను నోరు. రోజూ క్లాసుకెళ్ళి ముప్పై ఎనిమిది మొహాలూ చూస్తాను. వాళ్ళలో ఒకరు నెల రోజులుగా నా జవాబు కోసం చూస్తున్నారు. ఇంటికెళ్ళి నాన్నకి దూరంగా కూర్చుని తింటున్నారు. నేను కిరణజన్య సంయోగక్రియ రివిజన్ చేయిస్తున్నాను. "రివిజన్" అని బోర్డు మీద రాస్తుంటే నీ డైరీ గుర్తొచ్చింది.

ఆ చీటీ ఇప్పుడు నీ దగ్గరుంది. నీకు చేతనైతే జవాబు నువ్వు రాయి. నా మాటలతో కాదు, నీ మాటలతో.

వర్ణిక


కాకినాడ
6 నవంబర్ 2024

వర్ణికా,

దీపావళికి మావయ్య మనవలు టపాకాయలు కాల్చారు. నాకు వినపడలేదు. చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు కాగితాలు చింపాక ఇది వచ్చింది. దీన్ని ఏం చేస్తావో నీ ఇష్టం. చదివితే ఉద్యోగం పోతుందని తెలిసే పంపుతున్నాను. చదవకపోయినా నిన్నేమీ అనను. అనే అర్హత నాకు లేదు.

"పదో తరగతి పిల్లలకి,

నా పేరు శ్యామలాదేవి. మీ బడిలో ఇరవై ఆరేళ్ళు జీవశాస్త్రం చెప్పాను. అందులో పదిహేడేళ్ళు ఒక పాఠం ఎగ్గొట్టాను. అది ఇప్పుడు చెబుతున్నాను.

హెచ్ఐవి దోమ వల్ల రాదు. పక్కన కూర్చుంటే రాదు. ముట్టుకుంటే, కౌగిలించుకుంటే రాదు. పెద్దయ్యాక మీ జీవితంలోకి ఒక మనిషి వచ్చిన రోజున కండోమ్ వాడితే ఈ జబ్బు రాకుండా కాపాడుతుంది. దాన్ని షాపులో పేరు పెట్టి అడగండి. అడగడానికి సిగ్గుపడకండి. ఇప్పుడు ఈ జబ్బుకి మంచి మందులున్నాయి. రోజూ మానకుండా వేసుకుంటే అందరిలాగే నిండుగా బతుకుతారు. మందుల కోసం వరసలో నిలబడటం తప్పు కాదు. ఎవరైనా చూస్తే చూడనివ్వండి.

మీలో ఒకరు నన్నొక ప్రశ్న అడిగారు. నీ పేరు నాకు తెలీదు నాన్నా, అక్కర్లేదు. జవాబు ఇది. కంచం వల్ల రాదు. గ్లాసు వల్ల రాదు. ఇవాళే ఇంటికెళ్ళి మీ నాన్న పక్కన కూర్చుని, ఆయన కంచంలో ఆయనతో తిను. మీ అమ్మని కోప్పడకు, భయపడి పెట్టి ఉంటుంది. ఈ ఉత్తరం ఆవిడకి చూపించు. నాకూ ఒక కొడుకు ఉండేవాడు. వాడి కంచం నేనూ వేరు పెట్టాను. రాదని తెలిసి కూడా వాడితో కలిసి తినలేదు."

ఇంతే.

పెద్దమ్మ


యూసుఫ్‌గూడ
17 నవంబర్ 2024

పెద్దమ్మా,

చదివాను.

పద్నాలుగో తారీఖు, బాలల దినోత్సవం. పిల్లలంతా రంగు బట్టల్లో వచ్చారు, చాక్లెట్లు పంచారు. నా పీరియడ్‌లో "మన బడిలో పనిచేసిన ఒక పెద్దావిడ మీకు ఉత్తరం రాశారు" అని మొదలుపెట్టి చివరిదాకా చదివాను. ఒక్కరూ నవ్వలేదు. నీ ఆఖరి వాక్యం రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. ముందు బెంచీలో పిల్ల లేచి వచ్చి నా సీసాలోంచి నీళ్ళిచ్చింది. తలుపు దగ్గర బాలమణి చీపురు పట్టుకుని నిలబడిపోయింది. "సృజన్ బాబు ముచ్చటనా మేడం రాసింది?" అని బయటికొచ్చాక అడిగింది. తలూపాను. అక్కడే మెట్ల మీద కూలబడి, "గాయినకు నేనే టిఫిన్ డబ్బ అందిస్తుంటి" అని ఏడ్చింది.

శనివారం నన్ను తీసేశారు. ప్రిన్సిపల్ గారు మంచిగానే మాట్లాడారు. "నాకు మాత్రం తెలీదా అమ్మా, చెప్పాల్సిందేనని? కానీ పైవాళ్ళు ఊరుకోరు" అన్నారు. ఉద్యోగం పోయినందుకు నేనేడవలేదు. నన్ను ఏడిపిస్తున్నది వేరే ఉంది.

ఆ రోజు క్లాసులో ముప్పై ఏడు మందే ఉన్నారు. చదివేసి అటెండెన్స్ రిజిస్టర్ తీశాక చూశాను. ఒకరు రాలేదు. శనివారమూ రాలేదు. ఎవరో నీకు రాయను, ఎవరికీ చెప్పను. ఆ చీటీ వాళ్ళదే కావాలని లేదు. కానీ ఆ బిడ్డేనేమోనని నాకు అన్నం దిగడం లేదు పెద్దమ్మా. అందరికీ వినిపించి, వినాల్సిన ఒక్కరికే వినిపించలేదేమో. ఇక నన్ను ఆ గేటు లోపలికి రానివ్వరు.

ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది. ఏం చెయ్యను?

వర్ణిక


కాకినాడ
23 నవంబర్ 2024

అమ్మా వర్ణికా,

పదికి పది. నా సర్వీసులో ఎవరికీ వెయ్యలేదు.

ఏడవకు. గౌతమిలో బెర్తు దొరికింది. గురువారం పొద్దున్న లింగంపల్లిలో దిగుతాను. మావయ్య ఒక్కదాన్నే పంపనని గోల చేశాడు. నాకు వినపడలేదన్నాను.

ఆ ఉత్తరాన్ని చేత్తో ముప్పై ఎనిమిది సార్లు రాశాను. వేళ్ళు నొప్పి పుట్టాయి, అయినా రాత ఎక్కడా వంకర పోలేదు. జిరాక్స్ తీయించొచ్చు కదా అన్నాడు మావయ్య. ఎగ్గొట్టిన పాఠం నేనే రాయాలి. బడి వదిలే వేళకి గేటు బయట నిలబడి ఒక్కొక్కరి చేతిలో పెడతాను. కారెక్కేవాళ్ళకీ ఇస్తాను, నడిచి వెళ్ళేవాళ్ళకీ ఇస్తాను. ఒక్కరికే ఇస్తే ఊరందరికీ తెలిసిపోతుంది. అందరికీ ఇస్తే ఎవరికీ తెలీదు. ఆ రాని బిడ్డ గురువారం రాకపోతే శుక్రవారం నిలబడతాను. ఎన్నాళ్ళయినా నిలబడతాను. రిటైరయినదాన్ని, నన్ను తీసెయ్యడానికి వాళ్ళ దగ్గర కాగితం లేదు. గేటు దగ్గర కుర్చీ వెయ్యమని బాలమణికి చెప్పు, మోకాళ్ళు నొప్పులు.

మా బడికి ఆ పాఠం మళ్ళీ వస్తుందో రాదో నాకు తెలీదు. నీ ఉద్యోగం నేను తిరిగి ఇప్పించలేను. సృజన్‌ని అసలే తేలేను. ఈ ఒక్క పని మిగిలింది.

అటక మీంచి వాడి కంచం దింపించాను. పద్దెనిమిదేళ్ళుగా పాత చీరలో చుట్టి ఉంది. చింతపండు పెట్టి తోమాను. అమ్మమ్మ కొట్టించిన పేరు ఇంకా స్పష్టంగానే ఉంది. సంచిలో బట్టల మధ్య పెట్టాను, నాతో తెస్తున్నాను.

స్టేషన్‌కి రావద్దు, ఆటోలో వస్తాను. నేను వచ్చేసరికి కాస్త అన్నం వండి ఉంచు. ఇద్దరం కలిసి తిందాం. నా కోసం వేరే కంచం తీయకు.

పెద్దమ్మ